చెవి పోయిందంటారు, శాతం చాలదంటారు: మాజీ సైనికుల వైకల్య పింఛను అప్పీళ్లపై ఒక సమీక్ష

నంద్యాల జిల్లాలో బెలుం గుహల చుట్టుపక్కల, కొలిమిగుండ్ల నుంచి బేతంచెర్ల దాకా నాపరాయి గనులు, రాయి కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో ఉలికి తోడు గ్రైండర్ చేరి చాలా కాలమైంది. కొలిమిగుండ్ల మండలం కల్వటాలలో 2022లో సిమెంటు ఫ్యాక్టరీ కూడా మొదలైంది. ఈ నేల మీద చెవి చెడగొట్టుకోవడానికి పటాలంలో చేరనక్కర్లేదు. చేరి, పదిహేను పదిహేడేళ్లు ఫిరంగుల పక్కనో, ట్యాంకుల్లోనో, జనరేటర్ గదుల్లోనో గడిపి చెవిలో హోరుతో, తల తిరుగుడుతో ఇల్లు చేరినవాళ్ల సంగతి మాత్రం వేరే చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం చుట్టూ యాభై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. తీర్పుల మీద తీర్పులు వచ్చాయి, రూల్‌బుక్కులు మారాయి, అయినా చిక్కు విడలేదు.

వాదన ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టే తిరిగింది: జబ్బు కొలువు వల్ల వచ్చిందా, కాదా? ఆ ప్రశ్న మీద సుప్రీంకోర్టు చాలావరకు జవాను వైపే మొగ్గింది. కానీ చెవి కేసుల్లో పింఛను ఆగేది ఎక్కువగా ఆ ప్రశ్న దగ్గర కాదు. అది ఆగేది శాతం దగ్గర, రికార్డు దగ్గర. తల తిరుగుడు అయితే కొలతకే అందక జారిపోతుంది. గెలిచిన వాదనకూ చేతికొచ్చిన పింఛనుకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని చూడకపోతే తీర్పులు ఎన్ని చదివినా విషయం అర్థం కాదు.

మూడు తరాల నిబంధనలు

మూలం 1961 నాటి సైనిక పెన్షన్ నిబంధనల్లో ఉంది. యుద్ధంలో గాయపడినవాళ్ల లెక్క వేరు. మామూలు కొలువులో జబ్బుపడి బయటికి వచ్చిన జవానుకు డిజేబిలిటీ పెన్షన్ రావాలంటే 173వ నిబంధన రెండు షరతులు పెట్టింది. వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చినదో, సేవ వల్ల ముదిరినదో కావాలి. అది 20 శాతమో, అంతకు మించో ఉండాలి. పూర్తి కాలం చేసి దిగిపోయేవాళ్లకూ 179వ నిబంధన దాదాపు ఇవే షరతులు పెట్టింది.

1982లో వచ్చిన అర్హతా నియమాలు మొదటి షరతును ఎలా తేల్చాలో చెప్పాయి, జవాను పట్ల చాలా ఉదారంగా చెప్పాయి. చేరేనాటి వైద్య పరీక్షలో ఏ లోపమూ రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యవంతుడిగానే చేరాడని అనుకోవాలి. తర్వాత చెడితే అది సేవ వల్లే అనుకోవాలి. రుజువు భారం అడిగేవాడి మీద పెట్టకూడదు, సందేహం ఉంటే దాని లాభం అతనికే ఇవ్వాలి. కొలువులోకి తీసుకున్నప్పటికంటే తక్కువ మెడికల్ కేటగిరీలో విడుదలైతే, అతణ్ని ఆరోగ్య కారణాలతో పంపేసినట్టే లెక్క అని నాలుగో నియమం చెప్పింది. ఈ చివరి మాటతో మళ్లీ పని పడుతుంది.

2008 నియమాలు గొంతు మార్చాయి. చేరేనాటి పరీక్ష స్థూలమైనదే, అందులో అన్నీ బయటపడవు అన్నాయి. జబ్బు కొలువులో ఉండగా కనపడినంత మాత్రాన కొలువు వల్లే వచ్చినట్టు కాదు, కారణ సంబంధం చూడాలి అన్నాయి. దిగిపోయిన పదిహేనేళ్ల తర్వాత, సర్వీసు కాగితాలు నాశనం చేశాక వచ్చే క్లెయిముల్లో రుజువు భారం అడిగేవాడిదే అని కూడా చేర్చాయి. 2023 సెప్టెంబరు 21 నుంచి మూడో తరం నియమాలు అమల్లోకి వచ్చాయి. వాటితోపాటు సైనిక వైద్యాధికారులకు కొత్త మార్గదర్శిని వచ్చింది, కొన్ని రకాల కేసుల్లో డిజేబిలిటీ పెన్షన్ అన్న పేరే పోయి ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అన్న పేరు వచ్చింది. మాజీ సైనికుల సంఘాలు మండిపడ్డాయి, ప్రతిపక్షం గొంతు కలిపింది. దుర్వినియోగాన్ని ఆపడానికే మార్చామని, నిజంగా దెబ్బతిన్నవాళ్లకు అన్యాయం జరగదని సైన్యం జవాబిచ్చింది.

అప్పీలు మెట్లు

దిగిపోయే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. జబ్బు పేరు, శాతం, సేవతో సంబంధం ఉందా లేదా అన్న మూడూ అక్కడే పడతాయి. సంబంధం లేదు, ముదరనూ లేదు అని రాస్తే దాన్ని మాజీ సైనికులు ‘నానా’ అంటారు, ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలను కలిపి. క్లెయిము తిరస్కరించిన లేఖ అందాక ఆరు నెలల్లో మొదటి అప్పీలు కమిటీకి రాసుకోవాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు కమిటీ. ఆ తర్వాతే సాయుధ దళాల ట్రిబ్యునల్.

2007లో చట్టం చేసి, 2009 ఆగస్టులో ప్రారంభించిన ఈ ట్రిబ్యునల్‌కు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చూసే ప్రాంతీయ బెంచి చెన్నైలో ఉంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది గానీ, అక్కడి మాజీ హవల్దారు కాగితాలు మాత్రం ఏ నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కో, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్‌కో, పింఛను లెక్కల కోసం ప్రయాగ్‌రాజ్‌కో, కేసు కోసం చెన్నైకో తిరగాలి. రక్షణ శాఖ స్పర్శ్ పోర్టల్ వచ్చాక పింఛను లెక్క ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. పాత మెడికల్ బోర్డు కాగితం మాత్రం ఇంకా రికార్డ్ ఆఫీసుకు రాసి తెప్పించుకోవాల్సిందే.

ట్రిబ్యునల్ పైన ఏముంది అన్నదే చాలా ఏళ్లు తేలలేదు. చట్టం ప్రకారం, ప్రజలందరికీ సంబంధించిన న్యాయ ప్రశ్న ఉంటేనే సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టులు రిట్లు తీసుకోకూడదని 2015లో మేజర్ జనరల్ శ్రీకాంత్ శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో చాలామందికి ట్రిబ్యునలే మొదటి కోర్టు, అదే చివరి కోర్టు అయిపోయింది. 2023 మార్చిలో పరుషోత్తం దాస్ కేసులో ఆ మాట తిరగబడి, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుందని చాలామంది ఆలస్యంగా గమనించారు. జవాను గెలిచిన కేసులపై కేంద్రమే హైకోర్టులకు వెళ్లసాగింది.

బోర్డు మాటా, అనుమానం లాభమా

కోర్టుల్లో రెండు ధోరణులున్నాయి. వాటి నడుమ ఇటీవల మూడోది పుట్టింది.

మొదటిది, వైద్య విషయంలో వైద్యుల మాటే చెల్లాలన్నది. దీనికి మొదట్లో జవానుకు మేలు చేసిన చరిత్ర ఉంది. 1993లో సాపర్ మొహీందర్ సింగ్ కేసులో, మెడికల్ బోర్డు ఇచ్చిన శాతాన్ని అలహాబాదులోని పింఛను ఖాతాల అధికారి మనిషిని చూడకుండా కుర్చీలో కూర్చునే తగ్గించడం చెల్లదని సుప్రీంకోర్టు అంది. అదే సూత్రం తర్వాత ఎదురు తిరిగింది. 2009లో ఎ.వి. దామోదరన్ కేసులో, బోర్డు సంబంధం లేదన్నాక కోర్టు దాన్ని కాదనలేదని తేల్చారు. 2022లో ఆర్. మునుసామి కేసు కూడా ఈ దారిలోదే. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, చేరేనాటి మామూలు పరీక్షలో మానసిక వ్యాధులు బయటపడవు కాబట్టి ఆరోగ్యంగా చేరాడన్న ఊహను అన్ని జబ్బులకూ ఒకేలా వర్తింపజేయలేమన్నారు.

రెండో ధోరణికి పెద్ద దిక్కు 2013 జూలై 2న వచ్చిన ధరంవీర్ సింగ్ తీర్పు. ఆయన 1985లో సిగ్నల్స్‌లో చేరాడు. మూర్ఛ వచ్చిందని 1994లో 20 శాతం వైకల్యంతో పంపేశారు. చేరేనాటి కాగితాల్లో మూర్ఛ గురించి ఏమీ లేదు, బోర్డు కారణమూ రాయలేదు. అలాంటప్పుడు సేవ వల్ల కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే అని తీర్పు. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసుతో కలిపి ఒక గుత్తి అప్పీళ్లలో దీన్నే మళ్లీ స్థిరపరిచారు. అప్పటి నుంచి దేశంలో ఏ బెంచిలో దాఖలయ్యే దరఖాస్తులోనైనా ఈ రెండు పేర్లు కనబడాల్సిందే.

మూడోది మధ్యేమార్గం: బోర్డు మాటకు బరువుంది గానీ, కారణాలు రాసినప్పుడే. 2025 మేలో రాజుమోన్ కేసులో సుప్రీంకోర్టు, అదే ఏడాది వరుస తీర్పుల్లో ఢిల్లీ హైకోర్టు ఈ దారి తొక్కాయి. ‘శరీర తత్వంలోనే ఉన్న లోపం, సేవతో సంబంధం లేదు’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే అది వైద్యాభిప్రాయం కాదన్నది వీటి సారం. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు కేంద్రం వేసిన దాదాపు మూడు వందల పిటిషన్లను ఒకేసారి కొట్టేసింది. ఈ దారే నిలబడుతుందని నా అంచనా. ఎందుకంటే వైద్యుణ్ని జడ్జి కాదనడం లేదు, వైద్యుణ్ని వైద్యుడిగా రాయమంటున్నాడు.

ఈ మూడింటికీ బయట నిలబడి, లెక్కలతో మాట్లాడే వాదన ఇంకొకటుంది. 2015–16 నుంచి 2019–20 వరకు దిగిపోయిన ఆఫీసర్లలో ఏటా 36 నుంచి 40 శాతం మందికి వైకల్య పింఛను వచ్చిందని, మిగతా ర్యాంకుల్లో అది 15 నుంచి 18 శాతమేనని 2023లో కాగ్ ఎత్తిచూపింది. ఫిరంగి కాల్చేవాడికంటే కాల్చమని చెప్పేవాడికే వైకల్యం రెట్టింపు ఉంటుందా అన్న ప్రశ్న అందులోంచి వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి మందుగా తెచ్చిన కొత్త నియమాలు ఆఫీసరుకూ జవానుకూ ఒకేలా వర్తిస్తాయి. అటు 2015లోనే రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వేసిన నిపుణుల కమిటీ, తేలిపోయిన వైకల్య కేసుల్లో ప్రభుత్వం పైకోర్టులకు పోవడం మానాలని సిఫారసు చేసింది. పోవడం ఆగలేదు.

ఇరవై దగ్గర ఆగిపోయేది

ధరంవీర్ సింగ్ తీర్పు ప్రింటు తీసుకుని చెన్నై చేరిన చెవి కేసు అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బోర్డు వినికిడి లోపాన్ని సేవ వల్లే అని ఒప్పుకున్నా, శాతం కింద ‘15–19’ అనో ‘11–14’ అనో ‘6–10’ అనో రాస్తుంది. ఇరవై దాటకపోతే మొదటి షరతు గెలిచీ లాభం లేదు.

లెక్క చూద్దాం. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున డిజేబిలిటీ ఎలిమెంట్ వస్తుంది. చివరి జీతం 40,000 రూపాయలనుకుంటే, 20 శాతానికి అది నెలకు 2,400. పైగా 2001 జనవరి 31 నాటి ఉత్తర్వు ప్రకారం, 1996 నుంచి వర్తించేలా, 50 కంటే తక్కువ ఉన్న శాతాన్ని 50గా లెక్కగడతారు. అప్పుడది 6,000, దానిపై కరువు భత్యం అదనం. పూర్తి కాలం చేసి దిగినవాళ్లకూ ఈ సర్దుబాటు ఉందని 2014 డిసెంబరులో రాం అవతార్ కేసు తేల్చింది. బోర్డు 20 అని కాక 19 అని రాస్తే? సున్నా. ఒక్క శాతం తేడాకు నెలకు ఆరు వేలు, బతికినన్నాళ్లు. అది రాసే వైద్యుడికి ఈ లెక్క తెలిసే ఉంటుంది. ఎటు మొగ్గి రాస్తాడన్నది ఆయన మనసు మీద ఆధారపడడమే ఈ ఏర్పాటులోని లోపం.

ఈ గీత మీద సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో, ఆరోగ్య కారణాలతో పంపేశారంటే వైకల్యం ఇరవై దాటిందనే అనుకోవాలి అంది. పనికిరాడని ఇంటికి పంపేంత లోపం, పింఛను దగ్గరికొచ్చేసరికి స్వల్పమెలా అవుతుందన్నది తర్కం. 2019 డిసెంబరులో వింగ్ కమాండర్ ఎస్.పి. రాథోర్ కేసులో, పూర్తి కాలం చేసి దిగినవాడికి ఇరవైలోపు ఉంటే ఏమీ రాదు, యాభైకి సర్దే ఉత్తర్వు కూడా అక్కరకు రాదు అంది. రెండూ అమల్లో ఉన్నాయి. కాబట్టి వకీళ్ల తెలివంతా ఒక్కచోటే పనిచేస్తోంది: తమ క్లయింటు పూర్తి కాలం చేసి దిగాడా, పంపబడ్డాడా? ఇక్కడే 1982 నాటి నాలుగో నియమం మళ్లీ బయటికి వస్తుంది. తక్కువ కేటగిరీలో విడుదలైనవాడు పంపబడినవాడే అని అది చెబుతోంది కదా అని వాదన. కొన్ని బెంచీలు వింటాయి, కొన్ని రాథోర్ తీర్పు చూపించి ఫైలు మూసేస్తాయి.

ఊళ్లో ఇంకో గందరగోళం ఉంది. సదరం క్యాంపులో ఇచ్చే సర్టిఫికెట్ శాతాన్నీ సైనిక బోర్డు శాతాన్నీ ఒకటే అనుకోవడం. సదరం లెక్క వికలాంగుల హక్కుల చట్టానిది, రాష్ట్ర పింఛనుకు అక్కడ 40 శాతం గీత. 2016 చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల లోపం ఉంటేనే వినికిడి తక్కువవారిగా గుర్తిస్తుంది. సైనిక మార్గదర్శిని పట్టిక వేరు. సదరంలో 45 శాతం వచ్చిందని ట్రిబ్యునల్ ముందు పెడితే, అది మళ్లీ బోర్డు కూర్చోబెట్టమని అడగడానికి ఆధారం అవుతుంది. తీర్పు మాత్రం కాదు.

చెవిని కొలవడం

లోపలి చెవిలో శబ్దాన్ని నరానికి అందించే సన్నటి రోమకణాలు ఒక్కో చెవిలో పదిహేను వేలకు అటూ ఇటూ ఉంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. తుపాకీ పేలుడు లాంటి క్షణికమైన చప్పుడుకు 140 డెసిబెళ్లను ప్రమాద హద్దుగా చెబుతారు. సైనిక రైఫిల్ కాల్చేవాడి చెవి దగ్గరే ఆ హద్దు దాటుతుంది, ఫిరంగి సంగతి చెప్పక్కర్లేదు. చప్పుడు వల్ల చెడిన చెవికి ఆడియోగ్రామ్‌లో ఒక గుర్తు ఉంటుంది. గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగి, 8,000 దగ్గర మళ్లీ కొంచెం లేస్తుంది. వయసు వల్ల వచ్చే చెవుడులో అది చివరిదాకా జారుతూనే పోతుంది. కేసు తేలాలంటే ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

చిక్కల్లా, పోల్చి చూడడానికి చేరేనాటి ఆడియోగ్రామ్ సాధారణంగా ఉండదు. భర్తీలో చెవిని చూసే పాత పద్ధతి గుసగుస పరీక్ష: అభ్యర్థి వీపు తిప్పి నిలబడితే 610 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్కో చెవికీ విడిగా గుసగుసగా చెబుతారు, వినబడితే పాస్. సైన్యం మెడికల్ కేటగిరీలోని ఐదు అక్షరాల్లో వినికిడిని చూపే ‘హెచ్’ ఇలా నిర్ణయమవుతుంది. 4,000 హెర్ట్జ్ దగ్గర పడిన గుంటను గుసగుస పట్టుకోలేదు. దీన్నే ప్రభుత్వం తన వాదనగా తిప్పుతుంది: మా పరీక్ష స్థూలమైనది, మీవాడు అప్పటికే కొంత చెడిన చెవితో వచ్చి ఉండొచ్చు, గని పల్లె నుంచి వచ్చినవాడు కదా. ఈ వాదన నాకు మింగుడుపడదు. ఏ పరీక్ష పెట్టాలో ఎంచుకున్నది ప్రభుత్వం. పెట్టని పరీక్ష ఫలితం తనకు అనుకూలంగా ఉండి ఉండేదని అదే ఊహించుకోవడం కుదరదు.

జవాను వైపూ ఒక మౌనం ఉంది. చెవి సరిగా వినబడట్లేదని చెబితే లో మెడికల్ కేటగిరీ పడుతుంది, ప్రమోషన్, ఎక్స్‌టెన్షన్ దెబ్బతింటాయి. చాలామంది దిగిపోయేదాకా నోరెత్తరు. అప్పుడు సర్వీసు కాగితాల్లో ఒక్క ఫిర్యాదూ కనబడదు, బోర్డు ఆ ఖాళీనే ఆరోగ్యమని చదువుతుంది.

శాస్త్రం కూడా ఒకే వైపు లేదు. చప్పుడు ఆగాక దాని నష్టం ఇంకా పెరగదని, ఏళ్ల తర్వాత మొదలయ్యే చెవుడును పాత చప్పుడుకు కట్టడానికి ఆధారాలు చాలవని 2005లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక అంది. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకల్లో చేసిన పరిశోధన వేరే సంగతి చూపింది. చప్పుడు తర్వాత పరీక్షలో వినికిడి మామూలుగా తేలినా, రోమకణాన్ని నరంతో కలిపే కొనలు పోయి ఉండొచ్చు. అంటే ఆడియోగ్రామ్ బాగానే ఉండి, సంతలో మాట మాత్రం అర్థం కాని చెవి ఉండొచ్చు. మనుషుల్లో ఇది ఎంత, ఎలా కొలవాలి అన్నదానిపై పరిశోధన సాగుతూనే ఉంది. సైనిక పట్టికల్లో దానికింకా చోటు లేదు.

తల తిరుగుడు

చెవుడుకు గీత ఉంది. తల తిరుగుడు వస్తుంది, పోతుంది. బోర్డు ముందు కూర్చున్న రోజు రాకపోవచ్చు. లోపలి చెవిలోనే శబ్దం వినే భాగం పక్కన ఒంటి సమతూకం చూసే భాగం ఉంటుంది. పేలుడు రెండిటినీ దెబ్బతీయగలదు. కానీ తల తిరగడానికి మెనియర్ వ్యాధి, చెవిలోని స్ఫటికాలు చోటు తప్పడం, మైగ్రేన్, బీపీ మందులు, మెడ ఎముకలు అంటూ కారణాలు చాలా ఉన్నాయి. పడుకోబెట్టి తల తిప్పి కళ్ల కదలిక చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష, చెవిలో వేడినీళ్లు చన్నీళ్లు పోసి చూసే క్యాలరిక్ పరీక్ష, కళ్లజోడు కెమెరాతో చేసే పరీక్షలు ఉన్నాయి. మొదటిది తప్ప మిగతావి పెద్దాసుపత్రి పనులు.

ఫలితం ఏమిటంటే, కాగితాల్లో ‘వర్టిగో’ అన్న ఒక్క మాట పడి, పక్కన ‘కారణం తెలియదు’ అని పడుతుంది. కారణం తెలియనప్పుడు సందేహపు లాభం ఎవరికి అన్నదే ధరంవీర్ సింగ్ కేసులో తేలిన ప్రశ్న. ఆ లెక్కన తల తిరుగుడు కేసులు చెవుడు కేసులకంటే సులువుగా గెలవాలి. మొదటి షరతు వరకు గెలుస్తాయి కూడా. శాతం దగ్గరికొచ్చేసరికి, నెలకు నాలుగుసార్లు మంచం పట్టించేదాన్ని, ఎప్పుడో ఒకసారి తూలించేదాన్ని వేరు చేసే సాక్ష్యం ఫైలులో ఉండదు. పడిన ప్రతిసారీ పాలీక్లినిక్‌కు పోయి చీటీ రాయించుకున్నవాడు ఒక మెట్టు పైన ఉంటాడు. ఇంట్లో పడుకుని తగ్గించుకున్నవాడికి భార్య సాక్ష్యం తప్ప ఏమీ మిగలదు. చెవుడు, హోరు, తల తిరుగుడు మూడూ ఒకే దెబ్బ ఫలితమైతే విడివిడిగా చిన్నవైన వాటిని కలిపి ఒకే అంచనా వేయమని అడగొచ్చు. ఇరవై దాటించే దారుల్లో ఇది గట్టిదే. మొదటి అప్పీలులోనే ఈ మాట రాయనివాళ్లు తర్వాత చెన్నైలో రాస్తే, కొత్త విషయం తెచ్చారని ప్రభుత్వ వకీలు అడ్డు తగులుతాడు.

పక్కన పెట్టి చూస్తే

అమెరికాలో ఈ తలనొప్పులే వేరే అమరికలో ఉన్నాయి. అక్కడ ఇరవై గీత లేదు. సున్నా శాతం అని కూడా గుర్తిస్తారు, దాంతో డబ్బు రాకపోయినా సేవతో సంబంధం ఖాయమై, తర్వాత ముదిరితే పెంచమని అడగొచ్చు. చెవి హోరుకు పది శాతం వస్తుంది. తల తిరుగుడుకు పది, తూలితే ముప్పై, అయితే పరీక్షలో తేలిన ఆధారం ఉండాలి. మెనియర్ వ్యాధికి ముప్పై, అరవై, నూరు అని మెట్లున్నాయి. దిగేనాటి ఆడియోగ్రామ్ మామూలుగా ఉన్నంత మాత్రాన క్లెయిము చచ్చిపోదని 1993లో హెన్స్‌లీ కేసు చెప్పింది. 2019 ఫిబ్రవరి నుంచి అప్పీలుకు మూడు దారులు పెట్టారు: కొత్త సాక్ష్యంతో మళ్లీ అడగడం, ఉన్న సాక్ష్యాన్నే పై అధికారి చేత చూపించడం, అప్పీళ్ల బోర్డుకు పోవడం. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు లోపభూయిష్టమని వేసిన దావాల్లో 3ఎం కంపెనీ 2023లో ఆరు వందల కోట్ల డాలర్లకు రాజీ పడింది. అక్కడ చెవికి సైన్యంతోపాటు సామాను చేసినవాడూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

అంతదూరం పోకుండా నాపరాయి ఫ్యాక్టరీకి వద్దాం. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూలు రెండో భాగంలో చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపం ఉండేది. ఆ పనిలో వరసగా ఆరు నెలలు చేస్తే చాలు, కాదని యజమాని రుజువు చేస్తే తప్ప జబ్బు పని వల్లే అనుకోవాలి. 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్ అమలయ్యాక ఆ షెడ్యూలు అందులోకి చేరింది. అంటే రాయి కోసేవాడికి చట్టమే ఇచ్చిన ఊహ, 2008 తర్వాత జవానుకు నియమాల్లో పలచబడి, కోర్టు తీర్పుల్లో మాత్రమే మిగిలింది. ఆచరణలో ఎవరికి ఎక్కువ దక్కుతోందంటే జవానుకే. రాయి పనివాడికి హాజరు పట్టీయే ఉండదు, ఆరు నెలలు చేశాడని చూపడమే గగనం. కాగితం మీద బలమైన హక్కు ఒకరిది, కాగితాలున్న కొలువు ఇంకొకరిది.

ఇంకా తేలనివి

2023 నియమాలు సుప్రీంకోర్టు పరీక్షకు నిలుస్తాయా అన్నది మొదటిది. ధరంవీర్ సింగ్ తీర్పు 1982 నియమాల మాటల మీద నిలబడింది. ఆ మాటలే మారాక తీర్పు ఎంతవరకు వర్తిస్తుందన్నది ఒక్కో బెంచి ఒక్కోలా చూస్తోంది. 2008 నియమాల కింద దిగినవాళ్లకూ దాన్నే వర్తింపజేస్తూ ట్రిబ్యునళ్లు చాలా కేసులు ఇచ్చేశాయి, ఇంత పెద్ద ప్రశ్న మీద తీరిగ్గా ఒక తీర్పు రావాల్సి ఉంది.

ఆలస్యం సంగతి సగం తేలింది. పింఛను ప్రతినెలా కొత్తగా ఎగ్గొట్టే బాకీ లాంటిది కాబట్టి ఎన్నేళ్లకైనా అడగొచ్చు, బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే వస్తాయని 2008లో తర్సేం సింగ్ కేసు చెప్పింది. అడగొచ్చన్నది సరే, పదిహేనేళ్లు దాటాక కాగితాలు తగలబెట్టింది ప్రభుత్వమే అయినప్పుడు రుజువు భారం జవాను మీదికి ఎలా మారుతుందన్నది ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇక ఈ ప్రాంతానికే చెందిన చిక్కు ఒకటి. దిగిపోయిన జవాను ఊరికొచ్చి ఊరికే కూర్చోడు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరతాడు, లేదా పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అవుతాడు. పదేళ్ల తర్వాత చెవి పూర్తిగా పోతే ఏ చప్పుడు ఎంత తిన్నది? సైనిక బోర్డు ఫ్యాక్టరీని చూపిస్తుంది, ఫ్యాక్టరీ సైన్యాన్ని చూపిస్తుంది. పలు యజమానుల మధ్య పరిహారం పంచే నిబంధన పాత చట్టంలో ఉంది గానీ అది సిలికోసిస్ లాంటి మూడో భాగం జబ్బులకే, చెవుడు రెండో భాగంలో ఉంది. పైగా ఆ చట్టం ఉద్యోగి నిర్వచనంలోంచి సాయుధ దళాల వాళ్లను మొదటే తీసేసింది. ట్రిబ్యునల్‌కు ఫ్యాక్టరీని పిలిచే అధికారం లేదు, కార్మిక శాఖకు రక్షణ శాఖను పిలిచే అధికారం లేదు. దిగిపోయిన రోజున తీసిన ఒక ఆడియోగ్రామ్ ఉంటే ఈ లెక్క సగం తేలిపోతుంది. ఆ కాగితం కాపీ ప్రతి జవాను చేతికీ ఇచ్చి పంపాలని చెప్పే నిబంధన కోసం ఏ కేసులోనూ ఎవరూ అడిగినట్టు కనబడదు.